ఫైర్‌మన్ బావమరిదికి చాకు కొనడం ఎలా: రెండోసారి కొన్నాక చెబుతున్నా

మా కొట్లో కొడవళ్ళు, పారలు, కాయ వలిచే గునపాలు, మేకులు, గొలుసులు అమ్ముతాం. కోనసీమలోని రాజోలు దీవిలో ఇరవై ఏడేళ్ళుగా ఇదే పని. ఇనుము గురించి నాకు తెలియనిది లేదనుకునేవాణ్ణి. ఆ ధీమాతోనే మా బావమరిదికి ఫైర్ సర్వీసులో పోస్టింగ్ వచ్చినప్పుడు ఒక మడత చాకు కొనిచ్చాను. నల్లగా నిగనిగలాడే పిడి, దాని మీద ఎర్రటి మంట బొమ్మ, వెనకాల అద్దం పగలగొట్టే మొన, పక్కన బెల్టు కోసే కొక్కెం, చివర చిన్న టార్చిలైటు. చూడగానే ఫైర్‌మన్ కోసమే చేసినట్టుంది. వాడూ మురిసిపోయాడు.

ఆ వేసవిలో ఒక లంకలో గడ్డిమేటు అంటుకుంది. పక్కనే తాటాకు పశువులపాక. బండి వెళ్ళేసరికి పాక ఒక పక్క నుంచి రాజుకుంటోంది, లోపల మూడు గేదెలు. పలుపుతాళ్ళు నైలాన్‌వి. బెదిరిన గేదె వెనక్కి గుంజుతుంది. అది గుంజేకొద్దీ కట్రాటకి వేసిన ముడి బిగుసుకుపోతుంది, ఇక చేత్తో రాదు. మావాడు చాకు తీశాడు. చేతులకి మందపాటి గ్లవుజులు. అలుగు, అంటే కోసే రేకు, తెరవడానికి దాని మీద ఉన్న బొడిపె శనగగింజంత కూడా లేదు. ఒకసారి వేలు జారింది, రెండోసారీ జారింది, మూడోసారి చాకే జారి పేడలో పడింది. నల్ల పిడి, పైన పొగ, కింద పేడ. కనపడితే ఒట్టు. ఇంతలో ఆ ఇంటావిడ దడికి గుచ్చి ఉన్న కొడవలి లాగి చేతికిచ్చింది. మూడు కోతలకి మూడు గేదెలూ బయటపడ్డాయి.

రాత్రి ఫోన్ చేసి, "బావా, నువ్విచ్చిన చాకు పేడలో ఉంది, పొద్దున్నే వెళ్ళి వెతుక్కోవాలి" అన్నాడు. వెటకారమో నిజమో నాకిప్పటికీ తెలీదు.

అప్పటినుంచి ఎవరైనా కొట్టుకొచ్చి "మా అబ్బాయి ఫైర్‌లో చేరాడండి, మంచి చాకొకటి చూపించండి" అంటే ముందు కూర్చోబెట్టి టీ చెబుతున్నాను. ఆ టీ తాగేలోపు చెప్పే మాటలే ఇవి.

మొదట, ఆ చాకుతో అతను ఏం కోస్తాడో ఆలోచించండి. ఫైర్ అనగానే మన దీవిలో అందరికీ పాశర్లపూడి గుర్తొస్తుంది. 1995 జనవరిలో అంటుకున్న ఆ గ్యాస్ బావి రెండు నెలలకు పైగా మండింది. లేదంటే 2014 జూన్‌లో నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైప్‌లైన్ పేలుడు. అలాంటిచోట జేబులో చాకుకి పనేముంది? తలుపులు బద్దలుకొట్టడానికి బండిలో గొడ్డలి ఉంటుంది, ఇనుము కోయడానికి వేరే కట్టర్లు ఉంటాయి. జేబులో చాకు పనులు చిన్నవి: పలుపుతాడు, గోనెసంచి మూతికుట్టు, టార్పాలిన్, చేపల చెరువు దగ్గర కాళ్ళకి చుట్టుకున్న వల, కాలవలో పడ్డ కారులో సీటు బెల్టు. ఇంకొకటి నేనసలు ఊహించనిది. కాలవలోంచి నీళ్ళు తోడేటప్పుడు సక్షన్ గొట్టం చివరున్న జల్లెడకి గుర్రపుడెక్క వేళ్ళు జడలా అల్లుకుపోతాయట. పంపు గాలి మింగి ఆగిపోతుంది. ఒకడు నీళ్ళలోకి దిగి ఆ జడ కోసి పారేయాలి. మావాడి చాకు ఎక్కువగా తెరుచుకునేది దానికేనట. కరెంటు తీగల జోలికి మాత్రం ఏ చాకూ వెళ్ళకూడదు. పిడి ప్లాస్టిక్‌దైనా అది కరెంటు పనిముట్టు కాదు.

అంటే మనం కొనేది మంటలో వాడే చాకు కాదు. తడి చేత్తో, గ్లవుజుతో, బురదలో నిలబడి తాడు కోసే చాకు. ఇదొక్కటి బుర్రలో పెట్టుకుంటే కొట్లో సగం సరుకు దానంతటదే పక్కకి పోతుంది.

కాబట్టి కొట్టుకి వెళ్ళేటప్పుడు గ్లవుజు పట్టుకెళ్ళండి. ఫైర్‌వాళ్ళది దొరక్కపోతే వెల్డింగ్ పనివాళ్ళు వేసుకునే తోలు గ్లవుజు చాలు. దాన్ని నీళ్ళలో ముంచి, పిండి, తొడుక్కుని, ఒక్క చేత్తో చాకు తెరవండి. పదిసార్లు. ఒక్కసారి జారినా వద్దు. గోటితో లాగే సన్నటి గాడి ఉన్నవి ఇక్కడే ఓడిపోతాయి. అలుగులో బొటనవేలు పట్టేంత గుండ్రటి చిల్లు ఉన్నవి బాగా నెగ్గుతాయి. వెనకవైపు చిన్న రెక్కలా పొడుచుకొచ్చి, వేలితో నొక్కితే అలుగు బయటికొచ్చేవీ పర్వాలేదు. కొట్టువాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి. నేనూ కొట్టువాణ్ణే, ఇలా చూసుకుని కొనేవాడు సరుకు తిరిగి పట్టుకురాడు.

తెరవడం ఎంత ముఖ్యమో, తెరిచాక మూసుకుపోకుండా ఉండటం అంతకంటే ముఖ్యం. ఇది నా చేతికి తగిలి నేర్చుకున్నదే. పేడలోంచి వెతికి తెచ్చుకున్న ఆ చాకునే కడిగి, కొట్లో కొబ్బరితాడు మోకు కోసి చూశాను. కాస్త గట్టిగా అదిమి, అలుగు ఇరుక్కుంటే వెనక్కి లాగాను. లాక్ జారి అలుగు నా చూపుడువేలి మీదికి మడుచుకుంది. నాలుగు కుట్లు. మా ఆవిడ ఆసుపత్రిలో కూడా "తమ్ముడి చేతికి కాకుండా మీ చేతికి తగిలింది, అదే నయం" అంది. మాట నిజమే, కాస్త మెల్లిగా అంటే బాగుండేది.

లాకుల్లో ఎక్కువగా కనపడేది లైనర్ లాక్. పిడి లోపల పలచటి రేకు ఒకటి స్ప్రింగులా పక్కకి జరిగి అలుగు మడమ, అంటే కీలు దగ్గరి చివర, కింద ఆనుకుంటుంది. మంచి చాకులో ఆ రేకు మందంగా ఉండి అలుగుకి నిండా ఆనుతుంది. చవకదాంట్లో అంచు మీద నిలబడుతుంది, కొత్తలోనే ఇటూ అటూ ఊగుతుంది. దీంతో ఇంకో ఇబ్బంది ఏమిటంటే, మూసేటప్పుడు బొటనవేలు అలుగు వచ్చే దారిలోనే ఉంటుంది. గ్లవుజుతో ఆ వేలు ఎక్కడుందో తెలీదు. లాక్‌బ్యాక్ అనేది పిడి వీపు మీద నొక్కితే విడిపోతుంది, వేళ్ళు దారిలో ఉండవు. పిడికి అడ్డంగా చిన్న కడ్డీ ఉండి, దాన్ని వెనక్కి లాగితే మూసుకునే రకం ఇంకోటుంది. నా ఓటు దానికే, ఎడమచేతివాటం వాళ్ళకీ సరిపోతుంది. ఏదైనా సరే, తెరిచి, వేళ్ళన్నీ అలుగు దారిలోంచి తీసేసి, అలుగు వెన్నుని బల్ల అంచుకి ఆనించి నెమ్మదిగా బరువు వేయండి. కదిలితే అక్కడే వదిలేయండి. లాకే లేకుండా స్ప్రింగు బిగువు మీద నిలబడే పాతకాలం పెన్నుచాకులు పళ్ళు కోసుకోవడానికి బాగుంటాయి, ఈ పనికి కాదు.

ఒపినెల్ అని ఫ్రాన్సు చాకొకటి ఉంది, చెక్క పిడిది. 1890 నాటి నుంచి చేస్తున్నారు. 1955లో దానికి తిప్పి బిగించే ఇనప ఉంగరం పెట్టారు. నాకు ప్రాణం ఆ చాకంటే, ఇంట్లో నాది ఉంది. కానీ మన శ్రావణమాసంలో దాని చెక్క నీళ్ళు పీల్చి ఉబ్బిందంటే అలుగు లోపలే బిగుసుకుంటుంది, శ్రావణ శుక్రవారం పేరంటానికి తలుపులు పట్టేసినట్టు. పైగా తెరవడానికి రెండు చేతులూ కావాలి. ఫైర్‌మన్‌కి వద్దు.

ఇక ఇనుము. ఇక్కడ మన ఊరు లెక్కలోకి వస్తుంది. సముద్రపు గాలి, ఉప్పుటేరు, రొయ్యల చెరువుల నీళ్ళు. మా కొట్లో మేకుల డబ్బా మూత తీసి ఉంచితే వారంలో ఎర్రబడుతుంది. ఊరికే స్టెయిన్‌లెస్ అని రాసి ఉంటే నమ్మకండి, అలుగు మడమ దగ్గర సన్నగా కొట్టిన ఉక్కు రకం పేరు చదవండి. 420 అని ఉంటే తుప్పు పెద్దగా పట్టదు గాని పదును తొందరగా పోతుంది. తాళ్ళు కోసేవాడికి విసుగు. డి2 అని ఉన్నదాన్ని అమ్మేవాళ్ళు తెగ పొగుడుతారు. పదును బాగా నిలుస్తుంది, నిజమే. కానీ అందులో క్రోమియం 12 శాతం దగ్గర ఉన్నా చాలా భాగం కార్బన్‌తో ముడిపడిపోతుంది, తుప్పుని ఆపడానికి మిగిలేది తక్కువ. మన దగ్గర అది చుక్కలు చుక్కలుగా తుప్పు పడుతుంది. స్వీడన్ వాళ్ళ 14సి28ఎన్ అనేది నాకు బాగా నచ్చినది, తుప్పుకి ఆగుతుంది, పదునూ నిలుస్తుంది. అది దొరక్కపోతే 8సీఆర్13ఎంఓవీ అనే చైనా రకం ఫర్వాలేదు, కడిగి తుడుచుకుంటే చాలు. పేరే కొట్టని అలుగుంటే మాత్రం, తమ పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడే మనిషిని ఎంత నమ్ముతారో దాన్నీ అంతే నమ్మండి.

మొన విషయంలో నేను చాలామందితో విభేదిస్తాను. అందరికీ సూదిలా ఉండే మొన ఇష్టం. 2022 జులైలో గోదావరి వచ్చినప్పుడు ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంకల్లోంచి జనాన్ని పడవల మీదే తేవాల్సి వచ్చింది. అలాంటి రోజు గాలి నింపిన రబ్బరు పడవలో, ముసలమ్మలూ చంటిపిల్లలూ ఒకరి మీద ఒకరు కూర్చుని ఉండగా, సూదిమొన చాకు తెరిచే ధైర్యం ఎవరికుంటుంది? వరద పనికీ, బెల్టు కోయడానికీ మొన మొండిగా, గొర్రె డెక్కలా కిందికి వంగి ఉన్న అలుగు మేలు. సీటు బెల్టు కింద అలుగు దూర్చేటప్పుడు లోపల మనిషి కడుపు ఉంటుంది. మొండి మొనైతే పొడుచుకోదు. అలుగు పొడవు మూడంగుళాలు, మహా అయితే మూడున్నర. అంతకు మించి జేబులో బరువే.

అలుగు అంచు నున్నగా ఉండాలా, రంపపు పళ్ళుండాలా అంటే, సగం సగం ఉన్నది తీసుకోండి. నైలాన్ తాడు నున్నటి అంచు మీద జారుతుంది, పళ్ళు దాన్ని పట్టుకుని తెంపుతాయి. బెల్టు కోసేటప్పుడు ఒకరు బిగువుగా లాగి పట్టుకుంటే, ఏటవాలుగా, మనిషికి అవతలివైపుకి కోయాలి. వదులుగా ఉన్న బెల్టు ఎంత పదునైన చాకుకీ లొంగదు.

అద్దం పగలగొట్టే మొన గురించి అందరూ అడుగుతారు. మన కాలవగట్ల రోడ్ల మీద అడగాల్సిందే. మలుపులో రెయిలింగు ఉండదు, రాత్రి కారు నేరుగా నీళ్ళలోకి పోతుంది. కారు పక్క అద్దాలు మామూలుగా టెంపర్డ్ గ్లాసు, మూల దగ్గర గట్టి మొనతో కొడితే జల్లుమని రాలిపోతాయి. ముందు అద్దం రెండు పొరల మధ్య ప్లాస్టిక్ పెట్టి అతికించినది, పగుళ్ళిస్తుందే గాని రాలదు. దాన్ని రంపంతో కోయాల్సిందే. కొన్ని కొత్త కార్లలో పక్క అద్దాలు కూడా అలాగే వస్తున్నాయి. చాకు పిడికి ఉన్న మొనతో కొట్టాలంటే చెయ్యి విసరాలి, నీళ్ళలో చెయ్యి విసిరితే దెబ్బకి బలం ఉండదు. అందుకే నా సలహా, చాకు చాకులా ఉండనివ్వండి. అద్దానికి విడిగా, ఆనించి నొక్కితే లోపలి స్ప్రింగు కొట్టే చిన్న పంచ్ కొనండి. తాళంచెవుల గుత్తికి పడుంటుంది, నీళ్ళలోనూ పనిచేస్తుంది. అన్నీ ఒక్కదాంట్లోనే కావాలని, ఖరీదుకి వెనకాడమంటే స్విట్జర్లాండ్ విక్టోరినాక్స్ వాళ్ళ రెస్క్యూటూల్ ఉంది. అందులో బెల్టు కట్టరు, పక్క అద్దానికి మొన, ముందు అద్దానికి రంపం, ఒక్క చేత్తో తెరుచుకునే అలుగు ఉంటాయి, పిడి చీకట్లో కాస్త మెరుస్తుంది కూడా. అన్నీ ఉండి అన్నీ పనిచేసే వాటిలో నేను చూసినది అదొక్కటే. మంట బొమ్మలున్న చవకవాటిలో అన్నీ ఉంటాయి, ఏదీ పనిచేయదు.

పిడి నారింజరంగుదో పసుపుదో తీసుకోండి. ఎందుకో పేడలో చూశాంగా. గరుకుగా ఉండాలి. ఇనప పిడి ఎండలో నిలబెట్టిన బండిలో ఉంటే పట్టుకోలేం, తడిస్తే చేపలా జారుతుంది. గట్టి ప్లాస్టిక్‌దో, జి10 అనే గాజునార అట్టదో మేలు. చివర తాడు కట్టుకునే కన్నం ఉంటే రెండు వేళ్ళు దూరేంత పొట్టి తాడు కట్టండి. పొడవు తాడు ఎక్కడో తగులుకుంటుంది.

చట్టం మాట ఒకటి. 9 అంగుళాల కంటే పొడవో, 2 అంగుళాల కంటే వెడల్పో ఉన్న కత్తులు, ఇంటిపనికీ పొలంపనికీ చేసినవి కాకపోతే, ఆయుధాల లెక్కలోకి వస్తాయి. మనం కొనే చాకు దానికి చాలా దూరం. కానీ మీట నొక్కగానే టక్కున బయటికి దూకే రకం వద్దు, ఫైర్‌మన్ జేబులో అది చూసి పోలీసాయన నవ్వడు. విమానమెక్కితే చెకిన్ సామానులోనే వేయమనండి.

చాకుతోపాటు రెండు వైపులా వాడే సానరాయి ఒకటి, ఒక పక్క గరుకు, ఒక పక్క నున్న, తప్పకుండా పెట్టండి. లేకపోతే అతను వీధిలో సైకిలు చక్రం తిప్పుతూ వచ్చే సానవాడికి ఇస్తాడు. కొడవలికి ఆ చక్రం చాలు. చాకు పలచన. పొడి చక్రం మీద నిప్పురవ్వలు ఎగురుతుంటే అంచు నీలంగా మారుతుంది. ఆ నీలం కనపడిందంటే ఇనుము నీరు, అంటే గట్టిదనం, పోయినట్టే, మళ్ళీ పదును నిలవదు. రాయిని తడిపి, అలుగు వెన్ను రాయికి చిటికెనవేలి మందం కంటే కాస్త తక్కువ ఎత్తులో పట్టుకుని, రాయి మీద పలచటి పొర కోస్తున్నట్టు తోయాలి. ఇటు ఎన్ని తోపులో అటు అన్ని. పళ్ళున్న భాగానికి రాయి పనికిరాదు, సన్నటి గుండ్రటి సానకడ్డీ వేరే కావాలి. కీలులో కుట్టుమిషన్ ఆయిల్ ఒక్క చుక్క. కోనసీమలో ఉండి కొబ్బరినూనె వద్దనడం తప్పే, కానీ అది దుమ్ము పట్టి జిడ్డుకడుతుంది, మార్గశిరంలో కీలులోనే గడ్డకడుతుంది.

పేరు చెక్కించాలనుకుంటే స్టీలు సామాన్ల కొట్లో గిన్నెల మీద పేర్లు కొట్టే కుర్రాడే చాలు. అలుగు మీద మాత్రం వద్దు, ఆ గీతల్లోనే తుప్పు మొదలవుతుంది. జేబుకి తగిలించే క్లిప్పు మీద కొట్టించండి. నేను పేరు కాకుండా రక్తం గ్రూపు కొట్టించాను. అది చూసి మా అత్తగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఎప్పుడివ్వాలో కూడా చూసుకోవాలి. నేను ఏప్రిల్ 14న ఇద్దామనుకున్నాను, అగ్నిమాపక వారోత్సవాలు ఆ రోజే మొదలు కదా అని. మావాడు వద్దన్నాడు. 1944లో అదే రోజు బొంబాయి రేవులో ఓడ పేలి, ఆర్పడానికి వెళ్ళిన వాళ్ళలో 66 మంది పోయారు. ఆ రోజు వాళ్ళని తలుచుకోవడానికి. దసరాకి ఇవ్వు బావా, బండికి ఆయుధపూజ చేసేటప్పుడు దీనికీ బొట్టు పెడతా అన్నాడు. శనివారం ఇనుము కొనకూడదు కాబట్టి గురువారం కొన్నాను. కత్తి చేతి నుంచి చేతికి ఇవ్వకూడదు కాబట్టి అరుగు మీద పెట్టాను, వాడు తీసుకున్నాడు. గ్లవుజు తొడుక్కుని, కళ్ళు మూసుకుని, తెరిచి మూసి, తెరిచి మూసి చూసుకున్నాడు. ఈసారి ఏమీ అనలేదు.

భోజనాలయ్యాక మా అత్తగారు పెరట్లోంచి పనసకాయ తెచ్చి, "కొత్త చాకేదిరా, దీన్ని కొయ్యి" అంది. పనసజిగురు కీలులోకి పోతే కిరసనాయిలు పెట్టినా ఓ పట్టాన వదలదు. వాడు నా వంక చూశాడు. చాకు జేబులో పెట్టేసుకుని, లోపలికెళ్ళి కత్తిపీట తెచ్చి వేశాడు.